కేసు కొట్టేశారు సరే, కాగితమేదీ?

(ఆదివారం ఉదయం మన తెలుగు కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షర రూపం. ఆ తరువాత శ్రోతలు ఫోనులో అడిగిన ప్రశ్నల్లో మూడింటిని కూడా చివర ఇస్తున్నాము.)



పోలీసు, కోర్టు అనే రెండు మాటలు మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి పలుకుతాం. పిల్లల ముందు అసలే అనం. అంచేత ఆ రెండు చోట్లా మన పేరు మీద ఏ కాగితం ఉందో, అది ఎవరి దగ్గరుందో, ఎలా తెచ్చుకోవాలో తెలుసుకునే అవసరం మామూలు రోజుల్లో రాదు. వచ్చిన రోజున చేతిలో టైముండదు. అందుకని ఈవేళ ఆ సంగతే కాస్త గొంతు పెంచి మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను వకీల్ని కాను. మనవాళ్ళకి మాటసాయంగా కోర్టులకు వెళ్ళి వెళ్ళి, క్లర్కు కిటికీల ముందు నిలబడి నిలబడి తెలుసుకున్న సంగతులు చెబుతున్నాను. మీ కేసులో ఏం చెయ్యాలన్నది మాత్రం మీ లాయరే చెప్పాలి.

నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇలా ఉంటుంది. "అన్నయ్యా, నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒక షాపులో చిన్న గొడవైంది. సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ అవలేదు. పోలీసులొచ్చి టికెట్ ఇచ్చారు. లాయర్ని పెట్టుకున్నాను, కేసు కొట్టేశారు. ఇప్పుడు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ఆ కాగితం తెమ్మంటున్నారు. ఆ లాయరు ఫోను ఎత్తడం లేదు. కేసు నంబరు గుర్తులేదు. గూగుల్లో కొడితే ఏమీ రావడం లేదు. అంటే రికార్డు లేనట్టేగా?"

కాదండీ. ఇందులో రెండు అపోహలున్నాయి. గూగుల్లో కనబడకపోతే రికార్డు లేదనుకోవడం ఒకటి. కేసు కొట్టేశారంటే చెరిపేశారనుకోవడం రెండోది. ఈ రెండూ వదిలించుకుంటే మిగిలినదంతా ఓపిగ్గా తిరిగే పనే.

ఇండియాలో ఇప్పుడు జిల్లా కోర్టుల కేసులు ఈ-కోర్ట్స్ అనే ఒకే చోట వెతుక్కోవచ్చు. ప్రతి కేసుకీ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. సున్నితమైన కేసులు తప్ప మిగిలిన ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్ సైటులో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది చూసి అలవాటైన వాళ్ళు, అమెరికాలో ఇంకెంత బాగుంటుందో అనుకుంటారు. ఇక్కడ అలాంటి ఒక్క గుమ్మం లేదు. 50 రాష్ట్రాలు, 3,000కు పైగా కౌంటీలు, వాటిలో మళ్ళీ ఊరూరా మునిసిపల్ కోర్టులు. కాగితం కేసు నడిచిన చోటే ఉంటుంది. మీరిప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదానితో దానికి సంబంధం లేదు.

మన పొలం కాగితాల సంగతి గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన చిన్నప్పుడు పొలం కొంటే రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అయ్యేది. పాసు పుస్తకం మార్పు ఎమ్మార్వో ఆఫీసులో. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ఇంటికొచ్చేస్తే, రెవెన్యూ రికార్డులో పాత యజమాని పేరే ఏళ్ళ తరబడి ఉండిపోయేది. ఎవరూ మోసం చెయ్యలేదు. ఒక ఆఫీసులో జరిగింది రెండో ఆఫీసుకి తెలియలేదు, అంతే. ఇక్కడ కూడా అరెస్టు కాగితం ఒక ఆఫీసులో పుడుతుంది, తీర్పు కాగితం ఇంకో ఆఫీసులో పుడుతుంది. రెండోది మొదటిదాన్ని వెతుక్కుంటూ వెళ్ళి కలుస్తుందన్న హామీ లేదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు వేల సంఖ్యలో ఉన్నట్టుండి రద్దయ్యాయి. మన తెలుగు పిల్లలు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో. ఏప్రిల్ నెలాఖరున వాషింగ్టన్ ఫెడరల్ కోర్టులో ప్రభుత్వ అధికారి చెప్పినదాన్నిబట్టి, సుమారు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ వారి ఎన్‌సీఐసీ అనే డేటాబేసులో వేసి చూశారు. సుమారు 6,400 పేర్లు తగిలాయి. వాటిలో కోర్టు కొట్టేసిన కేసులున్నాయి, అసలు కోర్టు దాకా వెళ్ళని గొడవలున్నాయి. కోర్టుల్లో దావాల మీద దావాలు పడ్డాక, ఏప్రిల్ 25న ఆ రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఈలోపు ఒక్కొక్కరు తన కేసు ఎలా ముగిసిందో చూపించే కాగితం కోసం పరుగెత్తారు. అప్పటికే ఆ కాగితం చేతిలో ఉన్నవాడు ఆ రోజే లాయరు బల్ల మీద పెట్టగలిగాడు. లేనివాడు కౌంటీ కోర్టుకి ఫోను చేసి లైన్లో వేచి ఉన్నాడు.

సరే, అసలు ఎన్ని కాగితాలున్నాయో చూద్దాం.

మొదటిది పోలీసు శాఖ దగ్గర. ఎవరు ఫిర్యాదు చేశారు, ఆఫీసరు ఏం చూశాడు అన్నది ఇన్సిడెంట్ రిపోర్టు. అరెస్టు చేసి ఫొటో తీసి వేలిముద్రలు తీసుకుంటే బుకింగ్ రికార్డు. 911 ఫోను రికార్డింగు, ఆఫీసరు ఒంటి మీది కెమెరా వీడియో కూడా రికార్డులే. రెండోది ప్రాసిక్యూటర్ దగ్గర. కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఇక్కడిది. మూడోది కోర్టు క్లర్కు దగ్గర. కేసు దాఖలైన రోజు నుంచి ముగిసిన రోజు దాకా ఏ తేదీన ఏమైందో వరుసగా రాసిన చిట్టాని డాకెట్ అంటారు. చివరికి ఏమైందో చెప్పేది డిస్పొజిషన్. నాలుగోది రాష్ట్ర పోలీసు లేక న్యాయశాఖ దగ్గర ఉండే నేరచరిత్ర పట్టిక. రాప్ షీట్ అంటారే, అదే. ఐదోది ఎఫ్‌బీఐ దగ్గర, రాష్ట్రాలు పంపినదాన్నిబట్టి తయారయ్యేది.

వీటిలో ఇమిగ్రేషన్ వాళ్ళైనా, ఉద్యోగమిచ్చే వాళ్ళైనా ముఖ్యంగా అడిగేది మూడోదాన్ని. కోర్టు ముద్ర వేసిన సర్టిఫైడ్ డిస్పొజిషన్. ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఒకే సంఘటన ఎన్ని ఆఫీసుల్లో కాగితాలు పుట్టిస్తుందో తెలియడానికి మనందరి మనసు కలచివేసిన ఒక కేసు చెబుతాను. కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి. నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీ సియాటిల్ క్యాంపస్‌లో ఎమ్మెస్ చదువుతోంది. 2023 జనవరి 23న రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చనిపోయింది. 25 మైళ్ళు దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ళ వేగంతో వెళ్ళిందని మనకెలా తెలిసింది? పోలీసు శాఖ సొంత దర్యాప్తు కాగితాల్లో ఉంది కాబట్టి. ఆ రాత్రి ఇంకో ఆఫీసరు ఫోనులో నవ్వుతూ మాట్లాడిన మాటలు లోకానికి ఎలా తెలిశాయి? ఆయన ఒంటి మీది కెమెరా ఆగలేదు కాబట్టి. ఆ వీడియో 2023 సెప్టెంబరులో బయటికొచ్చింది. ఆ ఆఫీసర్ల మీద శాఖాపరమైన విచారణ కాగితాలు సియాటిల్‌లోని పోలీసు జవాబుదారీ కార్యాలయంలో. నేరం కింద కేసు పెట్టలేమని 2024 ఫిబ్రవరిలో చెప్పినది కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్. ఆ తరువాత సిటీ అటార్నీ ఆఫీసు ఇచ్చిన నిర్లక్ష్యపు డ్రైవింగ్ టికెట్ సియాటిల్ మునిసిపల్ కోర్టు వ్యవహారం. తల్లిదండ్రుల తరఫున 2024లో వేసిన సివిల్ దావా కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టులో. వీడియోలోని ఆఫీసర్ని 2024 జూలైలో, కారు నడిపిన ఆఫీసర్ని 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు. చూశారా, ఒక్క రోడ్డు మీద జరిగిన దానికి ఎన్ని గుమ్మాలో. ఏ ఒక్క చోట వెతికినా కథలో ఒక ముక్కే దొరుకుతుంది.

రెండో ఉదాహరణ, 2017 ఫిబ్రవరి 22న కేన్సస్ రాష్ట్రం ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్య. హైదరాబాదు కుర్రాడు, గార్మిన్ కంపెనీ ఇంజనీరు. కాల్చినవాడి మీద జాన్సన్ కౌంటీ డిస్ట్రిక్ట్ కోర్టులో హత్య కేసు నడిచి 2018 మే నెలలో యావజ్జీవం పడింది. అది రాష్ట్ర కేసు. విద్వేష నేరం కింద ఫెడరల్ కోర్టులో ఇంకో కేసు నడిచి 2018 ఆగస్టులో మళ్ళీ యావజ్జీవం పడింది. కౌంటీ కోర్టు రికార్డు ఎంత వెతికినా ఫెడరల్ కేసు అందులో కనబడదు. ఫెడరల్ కేసులకి పేసర్ అని వేరే వెబ్ సైటు ఉంది. అకౌంటు ఎవరైనా తెరుచుకోవచ్చు. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి 3 డాలర్లు దాటదు. మూడు నెలల్లో మీ బిల్లు 30 డాలర్లు దాటకపోతే ఏమీ కట్టక్కర్లేదు. దేశమంతటి ఫెడరల్ కోర్టులకీ ఇదొక్కటే గుమ్మం. దేశమంతటికీ ఒకే చోట దొరికేది ఫెడరల్ కేసులే, కాని మనవాళ్ళకి తగిలేవి దాదాపు అన్నీ రాష్ట్ర కేసులు.

ఇక వెతకడం ఎలాగో చూద్దాం. మొదటి ప్రశ్న, ఆ రోజు ఎక్కడ జరిగింది? ఊరు పేరు చాలదు, కౌంటీ కావాలి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్ ఫ్రిస్కోనే తీసుకోండి. ఆ ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. షాపు ఒకవైపుంటే కేసు మెకిన్నీకి పోతుంది, రెండోవైపుంటే డెంటన్‌కి పోతుంది. ఒక కౌంటీ వెబ్ సైటులో పేరు లేకపోతే హమ్మయ్య అనుకోకండి, రెండోదీ చూడండి.

రెండో ప్రశ్న, ఆరోపణ ఎంత పెద్దది? కోర్టు దాన్నిబట్టి మారుతుంది. న్యూజెర్సీలో 200 డాలర్ల లోపు విలువ చేసే షాప్‌లిఫ్టింగ్ ఆ టౌన్‌షిప్ మునిసిపల్ కోర్టుకే వెళుతుంది. ఆ హద్దు చేరితే కౌంటీ స్థాయిలో సుపీరియర్ కోర్టు. ఎడిసన్‌లో జరిగినది 180 డాలర్ల వస్తువైతే ఎడిసన్‌లోనే అడగాలి, 220 డాలర్లదైతే న్యూ బ్రన్స్‌విక్ వెళ్ళాలి. టెక్సాస్‌లోనూ అంతే. క్లాస్ సీ అనే చిన్నవి మునిసిపల్ లేక జస్టిస్ కోర్టులో, క్లాస్ ఏ, బీ కౌంటీ కోర్టులో, పెద్ద నేరాలు డిస్ట్రిక్ట్ కోర్టులో.

మూడో ప్రశ్న, ఆ రాష్ట్రం ఎంతవరకు ఇంటర్నెట్లో పెడుతుంది? ఇక్కడ రాష్ట్రానికో పద్ధతి. మేరీలాండ్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో రాష్ట్రమంతటికీ ఉచితంగా పేరుతో వెతికే వెబ్ సైట్లున్నాయి. న్యూయార్కులో ఉచితంగా చూడగలిగేది ముందు వాయిదా ఉన్న కేసులే. ముగిసిన కేసు అక్కడ కనబడదు. రాష్ట్రమంతా వెతికించాలంటే కోర్టుల కార్యాలయం వారి సెర్చికి 95 డాలర్లు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలకి 58 సుపీరియర్ కోర్టులు. క్రిమినల్ కేసుల కాగితాలు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో తెరవడానికి కోర్టు నిబంధనలు ఒప్పుకోవు, కోర్టు హాల్లోని కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. పుట్టిన తేదీ ఇచ్చి పేర్ల జాబితా వడపోసే సౌకర్యం కూడా నిబంధనలకు విరుద్ధమని 2021లో అక్కడి అప్పీలు కోర్టు రివర్‌సైడ్ కౌంటీ కేసులో తీర్పిచ్చింది. అంచేత వెబ్ సైటులో దొరకనంత మాత్రాన లేదని కాదు. క్లర్కు ఆఫీసుకి ఫోను చేసి, 'సర్టిఫైడ్ డిస్పొజిషన్ కావాలి, ఎలా అడగాలి' అనండి. చాలాచోట్ల ఉత్తరంతో, చిన్న ఫీజుతో పంపిస్తారు.

నాలుగో ప్రశ్న మనకి మాత్రమే వచ్చే తంటా. మీ పేరు వాళ్ళు ఎలా రాసుకున్నారు? మన పేర్లు ఇక్కడి గడుల్లో ఇమడవు. వెంకట సత్య సాయి లక్ష్మీ నరసింహారావు గారి పేరు టికెట్ మీద పడేసరికి ఆఖరి పేరు 'వెంకట' అయి కూర్చుంటుంది. ఇంటిపేరు ముందు రాసేవాళ్ళది తిరగబడుతుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్ళకి వీసా మీద మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. పాపం పోలీసాయన అదే పేరనుకుని రాసుకుంటాడు. లక్ష్మిలో ఒకరికి ఎక్స్, ఒకరికి కేఎస్‌హెచ్. కాబట్టి ముందు వెనకలు మార్చి, స్పెల్లింగులు మార్చి, ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి, పాత పాస్‌పోర్టులో ఉన్నట్టు ఒకసారి వెతకండి. రెడ్డి, రావు అని కొడితే వందలు వస్తాయి. అప్పుడు పుట్టిన సంవత్సరం, చిరునామా చూసి తేల్చుకోవాలి. ఇంకో సంగతి, మీ కేసు తప్పు పేరు మీద నమోదై ఉంటే, అదే పేరున్న కాగితం తీసుకుని, ఇది నేనేనని చూపే పాత గుర్తింపు కార్డుతో జతచేసి పెట్టుకోండి.

కాగితం దొరికాక చదవడం నేర్చుకోవాలి. డిస్మిస్డ్ అంటే కొట్టేశారు. నోలీ ప్రొసిక్వీ అంటే ప్రాసిక్యూటరే వదిలేశాడు. న్యూయార్కులో ఏసీడీ అంటే తప్పొప్పుకోకుండా కొంతకాలం వాయిదా వేసి, గొడవల్లేకపోతే కొట్టేయడం. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒకటుంది. అందులో మామూలుగా నేరం ఒప్పుకుంటారు లేక నో కాంటెస్ట్ అంటారు, జడ్జి శిక్ష రాయకుండా ప్రొబేషన్‌లో పెడతాడు, గడువయ్యాక కేసు కొట్టేస్తారు. టెక్సాస్ లెక్కలో అది శిక్షపడినట్టు కాదు. కాని 1996 నాటి ఇమిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక ఆంక్ష పెడితే అది శిక్షపడినట్టే. 'మా లాయరు కొట్టేశారన్నాడు' అనే మాటలో ఈ రెండు రకాలూ కలిసిపోతాయి. మీదేదో కాగితం చూస్తేనే తెలుస్తుంది. ఆ కాగితం ఇమిగ్రేషన్ లాయరుకి చూపించకుండా ఏ ఫారమూ నింపకండి, దేశం దాటి ప్రయాణమూ పెట్టుకోకండి.

ఇంకో హెచ్చరిక. చిన్న కేసుల ఫైళ్ళు కోర్టులు శాశ్వతంగా దాచవు. ఇన్నేళ్ళని లెక్క ఉంటుంది, తరువాత నాశనం చేస్తారు. పదేళ్ళ తరువాత వెళితే ఫైలు ఉండకపోవచ్చు, ఎఫ్‌బీఐ పట్టికలో అరెస్టు మాత్రం ఉంటుంది. అలాంటప్పుడు, వెతికాము, రికార్డు లేదు అని కోర్టు చేత ముద్ర వేయించిన ఉత్తరం తీసుకోండి. లేదన్న కాగితం కూడా కాగితమే.

ఎఫ్‌బీఐ దగ్గర మీ పేరు మీద ఏముందో మీరే అడిగి తెలుసుకోవచ్చు. వేలిముద్రలు, 18 డాలర్లు పంపితే చాలు. ఇతరులది ఇవ్వరు, మీది మీకిస్తారు. ఇది ఎందుకు చూసుకోవాలంటే, ఎఫ్‌బీఐ జాతీయ పట్టికలోని రికార్డుల్లో సుమారు సగానికి ముగింపు ఏమైందో రాసి లేదని 2006 జూన్‌లో అటార్నీ జనరల్ నివేదికే చెప్పింది. మీ దాంట్లో అరెస్టు ఉండి ముగింపు ఖాళీగా ఉంటే, కోర్టు కాగితం జతచేసి ఆ రాష్ట్రపు రికార్డుల శాఖకి రాసి దిద్దించుకోండి. పొలం మ్యుటేషన్ చేయించుకున్నట్టే.

చివరగా పోలీసు రిపోర్టుల సంగతి. చాలామంది ఎఫ్ఓఐఏ కింద అడుగుతామంటారు. 1966లో వచ్చిన ఆ చట్టం ఫెడరల్ ఆఫీసులకే. ఊరి పోలీసుల్ని అడగాలంటే ఆ రాష్ట్రపు పబ్లిక్ రికార్డుల చట్టం కింద అడగాలి. వాషింగ్టన్‌లో ప్రజలే ఓటు వేసి 1972లో తెచ్చుకున్న చట్టం ఉంది, ఐదు పనిదినాల్లో ఏదో ఒక జవాబివ్వాలి. న్యూయార్కులోనూ ఐదు పనిదినాలే. కాలిఫోర్నియాలో పది రోజులు. జవాబంటే కాగితమే వచ్చేస్తుందని కాదు, ఇస్తామనో, ఇన్నాళ్ళు పడుతుందనో, ఫలానా కారణంగా ఇవ్వమనో చెప్పాలి. దర్యాప్తు నడుస్తున్నవి, మైనర్లవి, బాధితుల వివరాలు ఇవ్వరు. కారు యాక్సిడెంటు రిపోర్టులకి చాలాచోట్ల వేరే దారి ఉంటుంది. టెక్సాస్‌లో అయితే రాష్ట్ర రవాణా శాఖ వెబ్ సైటులో 6 డాలర్లు, ముద్ర వేసినదైతే 8 డాలర్లు. ఇన్సూరెన్సు వాళ్ళతో పేచీ వచ్చేదాకా ఆగకండి. అడిగేటప్పుడు తేదీ, గంట, స్థలం, రిపోర్టు నంబరు, ఆఫీసరు బ్యాడ్జి నంబరు రాయండి. ఎంత కచ్చితంగా అడిగితే అంత త్వరగా దొరుకుతుంది.

ఇప్పుడు శ్రోతల ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: మా అమ్మాయికి ఇక్కడి సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి మీద ఏమన్నా కేసులున్నాయేమో చూడమని ఇండియా నుంచి మా అన్నయ్య ఫోను. చూడవచ్చునా?

జవాబు: చూడవచ్చునమ్మా. కోర్టు రికార్డు చూసే హక్కు ఈ దేశంలో ప్రజలందరిదీ. కాని మూడు జాగ్రత్తలు. ఒకటి, ఆ పేరున్నవాళ్ళు పదిమంది ఉంటారు. పుట్టిన సంవత్సరం, మధ్య పేరు కలవకుండా 'దొరికింది' అనకండి. ఒక్క పొరపాటు మాట ఇండియా చేరేసరికి పది మాటలవుతుంది, ఏ పాపం తెలియని కుర్రాడి పేరు చెడుతుంది. రెండు, అరెస్టు వేరు, నేరం రుజువు కావడం వేరు. చివరి వాక్యం చదవకుండా మొదటి వాక్యం ప్రచారం చెయ్యకండి. మూడు, ఏమీ దొరకకపోతే అంతా మంచిదేననీ కాదు. అతను నాలుగు రాష్ట్రాల్లో ఉండి ఉంటే నాలుగు చోట్లా కౌంటీలవారీగా చూడాలి. గృహహింసలో ఇచ్చే రక్షణ ఉత్తర్వుల్లో బాధితురాలు ఎవరో తెలిసే వివరాలు ఇంటర్నెట్లో పెట్టకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. అవి కనబడవు. ముప్పై డాలర్లకి జాతకమంతా చెబుతామనే వెబ్ సైట్లని నమ్మకండి, అవి పాత సరుకు, తప్పు మనిషి సరుకు కలిపి అమ్ముతాయి. అన్నిటికన్నా ముందు అబ్బాయినే అడగండి. సూటిగా అడిగితే సూటిగా చెప్పేవాడైతే అదే సగం సమాధానం.

ప్రశ్న: నాది పాత కేసు. కొట్టేశాక ఎక్స్‌పంజ్ కూడా చేయించాను. ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మళ్ళీ వచ్చింది. ఫారాల్లో లేదని రాయవచ్చా?

జవాబు: రెండు వేర్వేరు సంగతులండీ. ఉద్యోగానికి చెక్ చేసే కంపెనీలకి 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వర్తిస్తుంది. మీ రాతపూర్వక అనుమతి లేకుండా యజమాని ఆ రిపోర్టు తెప్పించకూడదు. దాన్నిబట్టి ఉద్యోగం ఇవ్వననే ముందు మీకు కాపీ ఇవ్వాలి. మీరు తప్పని రాస్తే ఆ కంపెనీ మామూలుగా 30 రోజుల్లో విచారించి దిద్దాలి. వెంటనే కోర్టు ఉత్తర్వు జతచేసి రాయండి. ఇక ఇమిగ్రేషన్ ఫారాలు వేరు. సిటిజన్‌షిప్ ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ అందుకున్నారా అని అడుగుతుంది. రాష్ట్రం చెరిపేసినా అక్కడ చెప్పాల్సిందే. అసలు నేరం చిన్నదై, దాచడమే పెద్ద తప్పయిన కేసులున్నాయి. అందుకనే, వింటున్నవాళ్ళల్లో ఎవరైనా ఎక్స్‌పంజ్ చేయించుకోబోతుంటే, ముందు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. చెరిపేశాక కోర్టు మాకేమీ తెలియదంటుంది, ఇమిగ్రేషన్ ఆఫీసరు మాత్రం తెమ్మంటాడు. మధ్యలో నలిగేది మీరు.

ప్రశ్న: మా చెల్లెలి ఇంట్లో గొడవై పోలీసులొచ్చారు. తనకి ఇంగ్లీషు సరిగా రాదు. ఆయన చెప్పినట్టే రిపోర్టు రాసుకుని వెళ్ళారట. ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ రిపోర్టు కాపీ తెప్పించండి. కాలిఫోర్నియాలో గృహహింస బాధితులకి అడిగిన ఐదు పనిదినాల్లో ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది. మిగిలిన రాష్ట్రాల్లో రికార్డుల విభాగానికి ఫోను చేసి బాధితురాలినని చెప్పి అడగాలి. చదివాక, మీ చెల్లెలు ఆ పోలీసు శాఖకే వెళ్ళి, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగి, తన మాట అదనపు వాంగ్మూలంగా ఇవ్వవచ్చు. ఇంటర్‌ప్రెటర్‌గా భర్త తరఫు వాళ్ళని ఒప్పుకోవద్దు. 911 రికార్డింగు, కెమెరా వీడియో కొన్నాళ్ళకి చెరిపేస్తారు కాబట్టి వాటిని భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. తను తెలుగులో ఏడుస్తూ చెప్పిన మాట రిపోర్టులో లేకపోయినా ఆ వీడియోలో ఉండవచ్చు. సాయానికి జాతీయ గృహహింస ఫోను నంబరు 1-800-799-7233, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఒంటరిగా ఉన్నాననుకోవద్దని చెప్పండి.

టైమైపోయింది. వెళ్ళేముందు ఒక్క పని చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా, పదిహేనేళ్ళ కిందటిదైనా సరే, టికెట్‌కి మించిన గొడవ ఏదన్నా జరిగి ఉంటే, రేపు సోమవారం ఆ కోర్టుకి ఫోను చెయ్యండి. సర్టిఫైడ్ డిస్పొజిషన్ మూడు కాపీలు తెప్పించండి. ఒకటి పాస్‌పోర్టుల ఫైల్లో, ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి మీ లాయరు దగ్గర. పెళ్ళి సర్టిఫికెట్టు, డిగ్రీ సర్టిఫికెట్టు ఎంత జాగ్రత్తగా దాస్తామో దీన్నీ అలాగే దాయండి. దాచుకున్నందుకు సిగ్గుపడక్కర్లేదు. అది మీ మీద కేసు ఉందని చెప్పే కాగితం కాదు, ఆ కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.